వాకిట్లో నిలబెట్టిన సాంచ

నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం నేల వంక చూస్తూనే గడిచింది. జగిత్యాలలో సివిల్ డిప్లొమా పూర్తి చేసి ఒక కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరుగా చేరాను. తర్వాత సొంతంగా ఇళ్ల మరమ్మతులు చూసుకున్నాను. మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా నా ముందున్నది ఎవరిదో ఒకరి వాకిలి, లేకపోతే ఎవరిదో ఒకరి స్లాబు.

ఇప్పుడు పని మానేశాను. మధ్యాహ్నం భోంచేసి నడుం వాలిస్తే కళ్ల ముందుకు వచ్చేవి నేను కట్టించిన ఇళ్లు కావు, తడిపిన గచ్చులు. కొత్తగా పోసిన స్లాబు మీద చిన్న చిన్న గట్లు పెట్టి నీళ్లు నిలబెడతాం కదా, ఆ మడుల్లో మబ్బులు కనబడతాయి. ఒక మడిలోంచి ఇంకో మడిలోకి నిదానంగా జరుగుతుంటాయి. కింద మేస్త్రీ ఎవరినో కేకేస్తుంటాడు, పైన నేనొక్కదాన్నే నిలబడి ఆ మబ్బులు దాటడం చూస్తుంటాను. సగం నిద్రలో ఇప్పటికీ అదే చూస్తున్నాను.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడూ ఫోన్ చేస్తారు. లైసెన్సు సంగతి, జీతాల సంగతి నాకంటే బాగా చెప్పేవాళ్లున్నారు. నాకు తెలిసింది వేరు. మనం ఇల్లు అప్పజెప్పి వచ్చేస్తాం. ఆ తర్వాత మనుషులు తమకు ఇష్టమైన బరువులన్నీ తెచ్చి దాని మీద పెడతారు. పూల కుండీలు, రోలు, నీళ్ల ట్యాంకు, ఇనుప ఉయ్యాల, ట్రాక్టరు. గచ్చు పగులుతుంది, స్లాబు చెమ్మగిల్లుతుంది, మనల్ని మళ్లీ పిలుస్తారు. అసలు పని అప్పుడు మొదలవుతుంది.

గంగాధర్ సార్ నడక

నా మొదటి యజమాని గంగాధర్ సార్. మనిషి పొట్టి, గొంతు పెద్దది. ఏ ఇంటికి వెళ్లినా చెప్పులు గేటు బయట విడిచి, ఎండలో వట్టి కాళ్లతో వాకిలంతా తిరిగేవాడు. గుడిలో ప్రదక్షిణం చేస్తున్నట్టు ఉండేది. ఎక్కడో ఒకచోట ఆగి, మడమతో రెండు సార్లు తట్టి, "ఇక్కడ కింద ఏం లేదు" అనేవాడు. పలుగు పెట్టి లేపితే నిజంగానే కింద మట్టి కుంగిపోయి ఖాళీ ఉండేది.

అంతటి మనిషికి ఒక పిచ్చి నమ్మకం కూడా ఉండేది. ఏ జబ్బుకైనా మందంగా పోయడమే మందు అనుకునేవాడు. మేడిపల్లిలో ఒక రైతు ఇంటి ముందర ట్రాక్టరు నిలపడానికి గచ్చు వేశాం. ఇనుప కేజీవీల్స్‌తో సహా, అంటే దమ్ము చేసే పళ్ల చక్రాలతోనే, ట్రాక్టరు నేరుగా పొలం నుంచి వచ్చి అక్కడ ఆగుతుందని రైతు ముందే చెప్పాడు. సార్ కొలత పెంచాడు. మళ్లీ పెంచాడు. బండరాయిలాంటి గచ్చు తయారైంది.

వానాకాలం పోయేసరికి అది నడిమికి చీలింది. కింద నల్లరేగడి. వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోయే నేల. దాని మీద ఎంత మందంగా పోసినా అది కదులుతూనే ఉంటుంది. పైగా ఇనుప చక్రాల పళ్లు పైపొరను గీరేశాయి.

సార్ ఆ చీలిక పక్కన చతికిలబడి కూర్చున్నాడు. రైతు కోపంగా ఏదో అనబోయి, ఆయన ముఖం చూసి ఆగిపోయాడు. చీలికలో వేలు పెట్టి చూసి సార్ నాతో అన్నాడు.

"నేను మీదనే చూసిన సువర్ణా. కింద చూడలే."

మొత్తం తవ్వించి, నల్లమట్టి తీయించి, ఉబ్బని గరుకు మట్టి మొరం పోయించి, నీళ్లు చల్లుతూ దిమ్మిసతో కొట్టించి మళ్లీ పోశాడు. ఈసారి మందం తగ్గించాడు. చక్రాలు నిలిచే రెండు బారులకు మాత్రం షాబాదు బండలు పరిచాడు. అది ఇప్పటికీ ఉంది. మేడిపల్లి వైపు బస్సులో వెళ్తే తల తిప్పి చూస్తాను. పెద్ద ఇంజినీర్లు చాలామంది తమ లెక్కను కాపాడుకుంటారు. ఆయన ఆ రైతు వాకిలిని కాపాడాడు. నాకు ఆయన దగ్గర నచ్చింది అదే.

కోరుట్లలో గులాబీలు

కోరుట్లలో నూర్జహాన్ బేగం అని ఒకావిడ ఉండేది. భర్త మస్కట్‌లో డ్రైవరు. స్లాబు మీద ఆవిడ గులాబీలు, మల్లెలు, కనకాంబరాలు పెంచింది. అన్నీ పెద్ద పెద్ద సిమెంటు కుండీలు. కింద పడకగదిలో పైకప్పుకు నల్లటి మరకలు దిగాయి, ఒకచోట పెచ్చు రాలింది. నాకంటే ముందు వచ్చిన ఇంజినీరు ఒకే మాట చెప్పి వెళ్లాడట, మొత్తం తీసేయమని.

"పూలు తీసెయ్యాల్నంటే నేనెందుకు మేడం గీ ఇంట్ల? పొద్దుమీకి ఆయన ఫోన్ చేస్తే ఏం జూపియ్యాలె, గోడలా?" అంది.

నేను ఒక కుండీని పక్కకు జరిపించి చూశాను. దాని అడుగున గుండ్రంగా తడి. ఎండాకాలంలో కూడా ఆరని తడి. కుండీ నేరుగా స్లాబుకు అంటుకుని ఉంది, గాలి పోయే సందు లేదు. నీళ్లు అక్కడే నిలిచి మెల్లమెల్లగా లోపలికి దిగుతున్నాయి. బరువంతా గది నడిమి మీద పడుతోంది. పైగా కుండీలను ఈడ్చి ఈడ్చి స్లాబు మీద గాట్లు పెట్టారు.

కొత్తవాళ్లకు ఇక్కడ ఒక మాట. తీసేయండి అనడం అన్నిటికంటే సులువైన సలహా. అది చెప్పడానికి చదువు అక్కర్లేదు. ఆ కుండీలను కింద గోడలు, దూలాలు ఉన్న బారు వెంట పెట్టించాం. ఒక్కో కుండీ కింద మూడు చిన్న రాతి ముక్కలు ఉంచి, గాలి ఆడేటట్టు చేశాం. స్లాబు శుభ్రం చేసి, గాట్లు పూడ్చి, నీరు దిగకుండా పూత వేయించాం. కుండీ జరపాల్సి వస్తే ఈడ్చకుండా పాత దుప్పటి మడత మీద ఎక్కించి లాగమని చెప్పాను. మరకలు ఆరిపోయాయి. తర్వాత నేను ఒకసారి ఆ దారిన పోతూ తలెత్తి చూస్తే, పిట్టగోడ పొడవునా పూలు వరుసగా ఉన్నాయి. ఆవిడ ఫోను పైకెత్తి పట్టుకుని మెల్లగా నడుస్తోంది, మస్కట్‌లో ఉన్న మనిషి చేయి పట్టుకుని తోటలో తిప్పుతున్నట్టు.

సిరిసిల్ల వాకిలి

అన్నిటికంటే ఎక్కువ గుర్తొచ్చేది మాత్రం సిరిసిల్లలోని ఒక ఇల్లు.

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచ అంటారు. ఆ ఊళ్లో బస్సు దిగి వాడలోకి నడిస్తే దూరం నుంచి వాన వస్తున్నట్టు ఉంటుంది. అడుగు అడుగుకూ ఆ వాన దగ్గరవుతుంది. చివరికి అది చెవుల్లో కాక కాళ్లలో వినబడుతుంది.

నన్ను పిలిపించింది లావణ్య అనే అమ్మాయి. తండ్రి రాజేశం జీవితమంతా సాంచలు నడిపిన మనిషి. ఆయన సాంచల షెడ్డును పడగొట్టి లావణ్య అక్కడ కుట్టు మిషన్ల హాలు కట్టింది. బడి పిల్లల యూనిఫారాలు కుట్టిస్తుంది, తలుపు దగ్గరి మిషను మీద తానూ కుడుతుంది, పది మంది ఆడవాళ్లు ఆమె దగ్గర పనిచేస్తారు. పాత సాంచలన్నీ ఇనుప సామాను వాళ్లకు వెళ్లిపోయాయి. ఒక్కటి మాత్రం రాజేశం వదల్లేదు. దాన్ని తెచ్చి కొత్త వాకిట్లో, సరిగ్గా నడుమ నిలబెట్టించాడు.

నేను వెళ్లేసరికి సాంచ నాలుగు ఇనుప కాళ్లూ గచ్చులోకి దిగబడుతున్నాయి. ఒక కాలు చుట్టూ సాలెగూడులాగా పగుళ్లు. వాన నీళ్లకు తుప్పు కారి ఎర్రటి చారలు హాలు గోడ దాకా పాకాయి. సాంచ పక్కనే నులకమంచం, మంచం మీద రాజేశం నిద్రపోతున్నాడు. చేయి ఒకటి సాంచ చట్రానికి ఆనించి ఉంది. పక్క వాడల సాంచల చప్పుడు, పక్కింటి చెట్టు ఆకుల నీడ, ఆయన ఊపిరి అన్నీ ఒకే తూగులో ఉన్నట్టు అనిపించింది. లేపబుద్ధి కాలేదు.

"గిది లేకుంటే ఆయనకు నిద్రవట్టది మేడం" అంది ఆయన భార్య లచ్చవ్వ, నవ్వుతూ. "నన్ను గూడ గింత పట్టుకోలే ఎన్నడు."

లావణ్య నవ్వలేదు. "మేడం, మీరు ఒక్క మాట చెప్పుండ్రి చాలు. గచ్చు దీన్ని మొయ్యదని చెప్పుండ్రి. మీరు చెప్తే నాయిన ఇంటడు. ఎల్లుండి పాత ఇనుము సేటు బండి తెస్తనన్నడు."

నేను చెప్పులు విడిచి వాకిలంతా నడిచాను. మడమతో తట్టుకుంటూ వెళ్లాను. ఒక మూల గట్టిగా మోగింది. నడుమకు వచ్చేసరికి శబ్దం మారిపోయింది, తలుపు మీద తట్టినట్టు డొల్లగా. అడిగితే తెలిసింది, అక్కడ పాత షెడ్డు పునాది కందకం ఉండేదట. ఇటుక ముక్కలు, మట్టి పోసి, సరిగా కొట్టకుండానే పైన కాంక్రీటు పోసేశారు.

ఉన్న సంగతి చెప్పాను. "తప్పు సాంచది కాదు బిడ్డా. కింద నింపుడు వదులుగా ఉంది. రేపు నీ బట్టల వ్యాను వచ్చి నిలబడ్డా ఇట్లాగే దిగుతుంది. సాంచ ముందు దిగింది, అంతే. అయితే ఇది ఇక్కడే ఉంటే ఇంకా పగులుతుంది. ఆ మాట కూడా నిజమే."

ఆమె ముఖం వాడిపోయింది. తండ్రి నిద్రపోతున్నాడని కూడా చూడకుండా మామూలు గొంతుతోనే అంది.

"గా సాంచ మా నాయిన చెవులు తిన్నది మేడం. చిన్నప్పటి సంది ఆయనతోని నేను ఒర్రుడే. పరీక్ష పాసైన్నని ఒర్రి చెప్పిన, కడుపు నొస్తుందని ఒర్రి చెప్పిన. మెల్లగ ఒక్క ముచ్చట చెప్పుకున్నది లేదు. ఇగ దాన్ని ముంగట వెట్టుకొని ఎట్ల చూడాలె?"

నేను టేపు తీసి సాంచ కాళ్ల మధ్య దూరం కొలిచాను. ఆమె అడిగినదానికి మన పుస్తకాల్లో కొలత లేదు.

కరెంటు పోయిన పూట

సాయంత్రం రాజేశం లేచాక నలుగురం కూర్చున్నాం. నేను కాగితం మీద బొమ్మ గీసి చూపించాను. తూర్పు గోడ వెంట గట్టి నేల ఉంది. అక్కడ గచ్చు కోసి, కింద దాకా తవ్వి, సాంచకు విడిగా ఒక దిమ్మె పోద్దాం. దిమ్మెకూ గచ్చుకూ నడుమ వేలంత సందు వదిలి అందులో మెత్తటి షీటు పెడదాం. అప్పుడు సాంచ బరువు గచ్చు మీద పడదు. కాళ్ల కింద వెడల్పాటి రాతి పలకలు, పలకకూ ఇనుముకూ నడుమ మందపాటి రబ్బరు. తుప్పు గీకించి రంగు వేయిద్దాం. నడుమ డొల్లను తవ్వి మొరంతో నింపుదాం. వ్యాను తిరగడానికి దారి ఉంటుంది.

రాజేశం బొమ్మ వంక చూశాడు, కూతురి వంక చూశాడు. "నీ ఇష్టం బిడ్డా" అన్నాడు గట్టిగా. చెవులు సరిగా వినబడనివాళ్లు మెల్లగా మాట్లాడలేరు.

లావణ్య లేచి లోపలికి వెళ్లింది. పొద్దున ఫోన్ చేసి, దిమ్మె పోయమని మాత్రం అంది. సేటుకు మరో వారం గడువు చెప్పిందట. ఇంకా ఆమె మనసు తేలలేదని నాకు అర్థమైంది.

దిమ్మె పోశాం, నీళ్లు పట్టాం, గట్టిపడింది. సాంచను జరిపే రోజు వచ్చింది. వాకిలి మీద ప్లైవుడ్ పలకలు పరిచి, వాటి మీద ఇనుప పైపులు పెట్టి, చట్రానికి తాళ్లు కట్టి పట్టుకుని, పైపుల మీద సాంచను దొర్లించాలి. సాంచ కింది నుంచి పక్కకు సాగిన డొల్ల చుట్టూ నేను సుద్దముక్కతో గీత గీశాను, పలకల బాట దగ్గరి దారిన గీత దాటి, ఆపైన దాని పక్కగా పోయేటట్టు వేయించాను. కూలీలు నలుగురే వచ్చారు, చాలరు. ఏం చేయాలా అని చూస్తుంటే కరెంటు పోయింది.

ఆ నిశ్శబ్దం మీకు చెప్పలేను. వాన ఒక్కసారిగా ఆకాశంలోనే ఆగిపోయినట్టు. వాడంతా గాలి వినబడింది, ఎక్కడో గిన్నె కింద పెట్టిన చప్పుడు వినబడింది. ఒక్కొక్క షెడ్డులోంచీ సాంచలు నడిపేవాళ్లు దూది అంటిన జుట్టుతో, కళ్లు చికిలించుకుంటూ ఎండలోకి వచ్చారు. రాజేశం సాంచను జరుపుతున్నారని తెలిసి, ఎవరూ పిలవకుండానే వచ్చి తలా ఒక చేయి వేశారు.

"పైలం రాజేశం కాకా, నువ్వు జరుగు" అన్నాడొకడు. ఆయన జరగలేదు. సాంచను తిప్పే చక్రం పక్కనే నిలబడి, దాని మీద చేయి వేసి తానూ నడిచాడు. సాంచ పైపుల మీద కదిలింది. అంత బరువు అంత మెత్తగా పోవడం చూస్తుంటే పడవ పోతున్నట్టే ఉంది. వెనక పైపు తీసి ముందు పెట్టడం, మళ్లీ తోయడం. సగం దూరం దాటింది.

అప్పుడు కరెంటు వచ్చింది. వాడంతా సాంచలు ఒక్క పెట్టున మొదలయ్యాయి. పనిమీదికి పోవాలని అందరి తలలూ అటు తిరిగాయి. ఒకరి చేయి సడలింది. సాంచ పక్కకు మళ్లింది, ముందు కాలు పలక దిగి సుద్ద గీత లోపల పడింది. గచ్చు ఫటేలుమని విరిగి కాలు దిగబడింది. సాంచ మొత్తం రాజేశం నిలబడ్డ వైపు ఒరిగింది.

"నాయినా, జరుగు!" అని లావణ్య హాలు మెట్ల మీది నుంచి అరిచింది. ఆ మోతలో ఎవరికీ వినబడలేదు. ఆయనకైతే అసలే వినబడదు. ఆయన వంగి, విరిగిన గచ్చును చూస్తున్నాడు. లావణ్య పరుగెత్తుకొచ్చి ఆయన నడుం చుట్టూ చేతులు వేసి వెనక్కి లాగింది. ఇద్దరూ కింద పడ్డారు. చట్రం ఆయన నిలబడ్డ చోటి మీదికి ఒరిగి, తాళ్లు బిగిసి, అక్కడే ఆగింది. గడ్డపారలు అడ్డం పెట్టి నిలబెట్టారు.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. రాజేశం మోచేతికి గీసుకుంది. ఆయన నేల మీదే లేచి కూర్చుని, ముందు సాంచను చూశాడు, తర్వాత కూతురిని చూశాడు. ఆమె పళ్లు బిగపట్టి ఏడుపు ఆపుకుంటోంది. ఆ ముఖంలో ఏం చదివాడో మరి.

"అమ్మెయ్ బిడ్డా" అన్నాడు. "సేటును రమ్మను. నాకొద్దు గిది."

సాంచలు నడిపేవాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. లచ్చవ్వ గడపలో నిలబడిపోయింది. నేను గడ్డపారల పట్టు సరిచూసుకున్నాను. ఇలాంటప్పుడు మధ్యలో దూరి సలహా ఇచ్చే ఇంజినీర్లను చూశాను, వాళ్లను చూస్తే నాకు జాలి.

లావణ్య చీర కొంగుతో ముఖం తుడుచుకుంది. తండ్రి మోచేతి మీది మట్టి దులిపింది. లేచి, పైపుల దగ్గరికి వెళ్లి, ఒక పలకను తానే ఎత్తి కాలు కింద దోపింది.

"ఇంత దూరం అచ్చింది గద. నిలవెట్టుండ్రి" అంది. "పైలంగ. మా నాయినను కూసోవెట్టుండ్రి ముందుగాల."

నిలబెట్టాం. పొద్దు వాలేసరికి సాంచ తూర్పు గోడ వెంట, తన దిమ్మె మీద, నాలుగు కాళ్లూ సమంగా నిలబడింది. నీటిమట్టం గొట్టం పెట్టి చూశాను, రవ్వంత కూడా వంకర లేదు. గోడ మీద దాని నీడ పెద్ద పక్షి రెక్కలు ముడిచినట్టు పడింది.

గద్దె

నడుమ డొల్లను తవ్వి మొరంతో నింపించి, ఒక వాన పోయాక పని ఎలా ఉందో చూడటానికి వెళ్లాను. ఎవరికైనా ఇది చెప్తాను. చేసిన పనిని ఒక వాన తర్వాత చూడాలి, అప్పుడు చూడకపోతే చేయనట్టే. గచ్చు మీద కొత్త పగులు లేదు. తుప్పు చార లేదు. సందు వెంట నీళ్లు గేటు పక్క మోరీ కాల్వ వైపు వెళ్లిపోతున్నాయి. హాల్లో కుట్టు మిషన్లు నడుస్తున్నాయి, వాటి చప్పుడు సన్నగా తేనెటీగల్లాగా ఉంది. రాజేశం సాంచ చక్రాన్ని చేత్తో తిప్పి, దారం మోసే నాడె అటు నుంచి ఇటు పోవడం చూస్తున్నాడు. అందులో నూలు లేదు. అయినా తిప్పుతున్నాడు.

నేను వెళ్లబోతుంటే లావణ్య గేటు దాకా వచ్చింది. గేటు గడియ తీసి, మళ్లీ వేసింది.

"మేడం, దాని పక్కన చిన్న గద్దె పోస్తరా?"

"ఎంత పొడుగు?"

"ఇద్దరు కూసునేటంత."

పోశాను. నా చేతుల మీదుగా పోయించిన వాటిలో అంత చిన్న పని ఇంకొకటి లేదు. నున్నగా తాపీతో తుడిపించి, తడి గోనెసంచులు కప్పించి, పొద్దునా సాయంత్రం నీళ్లు చల్లమని రాజేశానికే చెప్పాను. ఆయన రోజంతా చల్లాడట. లచ్చవ్వ ఫోన్‌లో ఫిర్యాదు చేసింది, బోరులో నీళ్లు గద్దెకే సరిపోతున్నాయని.

గోనెసంచులు తీసే రోజు నేను వెళ్లాను. గద్దె లేత బూడిద రంగులో, ఇంకా చల్లగా ఉంది. మడమతో తట్టాను, గట్టిగా మోగింది. రాజేశం నా ముఖం వంక చూస్తున్నాడు.

"ఇగ కూసోవచ్చునా బిడ్డా?" అని గట్టిగా అడిగాడు.

తల ఊపాను. ఆయన కూర్చున్నాడు. తర్వాత ఒక చివరకు జరిగి, పక్కన ఖాళీని అరచేత్తో తుడిచి, హాలు తలుపు వైపు చూస్తూ ఉండిపోయాడు. లోపల, తలుపు దగ్గరి కుట్టు మిషను ఆగింది.